ప్రయాణంలో పాప పేచీ.. సిరప్ వేసి నిద్రపుచ్చొచ్చా?

ప్రశ్న: మా పాపకు రెండేళ్ల నాలుగు నెలలు. ఇంట్లో బాగానే ఉంటుంది. ప్రయాణం పెట్టుకుంటే చాలు, గంట తిరక్కుండానే పేచీ మొదలుపెడుతుంది. కింద పడి దొర్లుతుంది, గుక్కపెట్టి ఏడుస్తుంది. వచ్చే నెలలో విమానంలో వెళ్లి, అక్కణ్నుంచి కారులో చాలా దూరం పోవాలి. బయల్దేరే ముందు జలుబు సిరప్ వేస్తే హాయిగా పడుకుంటుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు. వేయొచ్చా? ఫోన్ ఇస్తే అలవాటు పడిపోతుందేమోనని భయం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు సిరప్ సంగతి. వేయకండి. జలుబు, అలర్జీ సిరప్‌లలో ఉండే కొన్ని యాంటీహిస్టమిన్లు మత్తు కలిగిస్తాయి, నిజమే. కానీ ఆ మత్తు వాటి దుష్ప్రభావం. వాటిలో ఒకటైన ప్రొమెథజిన్‌తో పసిపిల్లలకు ఊపిరి ప్రమాదకరంగా మందగించవచ్చు. అందుకే రెండేళ్లలోపు వారికి అసలు ఇవ్వకూడదు. మీ పాప ఆ వయసు దాటినా, కేవలం పడుకోబెట్టడానికి మందు వాడటం సరికాదు. పైగా కొందరు పిల్లల్లో ఈ మందులు ఎదురు తిరుగుతాయి. నిద్ర రాకపోగా చిరాకు, హడావుడి రెట్టింపవుతాయి. విమానం తలుపులు వేశాక ఆ సంగతి తెలిస్తే మీరు చేయగలిగిందేమీ ఉండదు.

ఇంట్లో బాగానే ఉంటుందని రాశారు కదా, అసలు విషయం అక్కడే ఉంది. ఈ వయసులో కోపాన్ని, నిరాశను అదుపులో పెట్టే మెదడు ముందు భాగం ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. మనసులో ఉన్నదంతా చెప్పడానికి మాటలూ చాలవు. ఇంట్లో ఆ లోటు కనబడదు. విసుగొస్తే పరుగెడుతుంది, ఆకలేస్తే వంటింట్లోకి వస్తుంది, నిద్రొస్తే తన చోట పడుకుంటుంది. ప్రయాణంలో ఈ దారులన్నీ ఒక్కసారే మూసుకుపోతాయి. కాబట్టి ఏడుపు మొదలయ్యాక ఎలా ఆపాలన్న దానికంటే, నిద్ర, ఆకలి, కదలిక ఈ మూడూ తప్పకుండా ఎలా చూడాలన్న దాని మీద మీ ప్లాన్ నడవాలి.

అందులో నిద్రే ముఖ్యం. ఈ వయసు పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. చాలామంది తల్లిదండ్రులు ముందురోజు రాత్రి పొద్దుపోయేదాకా మేలుకోనిస్తారు, బండిలో పడుకుంటుందిలే అని. జరిగేది దానికి వ్యతిరేకం. బాగా అలసిన పిల్లలకు నిద్ర పట్టడమే కష్టం, వాళ్లు పేచీకి సిద్ధంగా ఉంటారు. వీలైతే పాప మధ్యాహ్నం పడుకునే సమయానికి కారు రోడ్డెక్కేలా చూసుకోండి. రోజూ పక్కలో పెట్టుకునే దుప్పటో బొమ్మో సూట్‌కేసులో సర్దేయకుండా చేతి సంచిలో ఉంచండి.

తిండి కొంచెం కొంచెంగా, రెండు మూడు గంటలకోసారి పెట్టండి. గింజలు, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్లు మాత్రం వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. ద్రాక్షపళ్లయితే నిలువుగా కోసి ఇవ్వండి. కారులో దాదాపు రెండు గంటలకోసారి ఆగి, కాసేపు తనివితీరా పరుగెత్తనివ్వండి. అలా ఆగితే ఆలస్యమవుతుందని మగవాళ్లు సణుగుతుంటారు. సణగనివ్వండి. ఎంత ఏడ్చినా సరే, కదిలే కారులో బెల్టు విప్పి ఒళ్లో కూర్చోబెట్టుకోకూడదు. కారు ఆపి ఎత్తుకోండి.

ఫోన్ విషయంలో నేను మరీ పట్టుబట్టను. రెండేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రయాణం చేసే ఒక్క రోజు కాస్త ఎక్కువైతే కొంపలేం మునగవు. ఎప్పుడు ఇస్తున్నారన్నదే నాకు ముఖ్యం. ఏడుపు లంకించుకున్నాక ఇస్తే, ఏడిస్తే ఫోన్ వస్తుందని పాప నేర్చుకుంటుంది. ఏడవక ముందే, మీరు అనుకున్న సమయానికి ఇచ్చి, ‘ఈ పాట అయ్యాక అమ్మకిచ్చెయ్యాలి’ అని ముందే చెప్పండి. కొత్త బొమ్మలుంటే అన్నీ ఒకేసారి ముందు పోయకుండా ఒక్కొక్కటే తీయండి. కదిలే కారులో స్క్రీన్ చూస్తే కొందరికి కడుపులో తిప్పుతుంది. ఆ మాట ఈ వయసు వాళ్లు చెప్పలేరు. ముఖం పాలిపోవడం, చెమట, ఊరికే ఆవలించడం, తిండి వద్దనడం కనిపిస్తే అది మారాం కాదు, వికారం.

విమానం దిగేటప్పటి ఏడుపు కూడా చాలాసార్లు చెవినొప్పే. గాలి ఒత్తిడి మారుతుంటే చెవికీ గొంతుకూ మధ్య ఉన్న సన్నని గొట్టం పిల్లల్లో త్వరగా తెరుచుకోదు. మింగితే తెరుచుకుంటుంది. నేలకు దిగడానికి అరగంట ముందు నుంచే గుక్క గుక్కగా నీళ్లు తాగించండి. ఆ సమయానికి నిద్రలో ఉంటే లేపండి, పాపమనిపించినా సరే.

ఇంత చేసినా ఒకసారి పేచీ రావచ్చు. సాధారణంగా కొన్ని నిమిషాల్లో దానంతటదే తగ్గుతుంది. అప్పుడు బుద్ధులు చెప్పినా చెవికెక్కవు. పాప ఎత్తుకు వంగి, ‘కోపం వచ్చింది కదా, నేనిక్కడే ఉన్నాను’ అంటే చాలు. దగ్గరకు రానిస్తే ఎత్తుకోండి, తోసేస్తే పక్కనే కూర్చోండి. వద్దన్న వస్తువు మాత్రం ఇవ్వకండి. ఎంత విసుగొచ్చినా పట్టుకుని కుదపకూడదు, మెదడుకు దెబ్బ తగలొచ్చు. చుట్టుపక్కల వాళ్లకు ఒక్కసారి సారీ చెప్పి, ఇక వాళ్ల చూపులు పట్టించుకోకండి.

గుక్కపెట్టి ఏడుస్తుందన్నారు. అలా ఏడుస్తూ ఊపిరి బిగపట్టి నీలంగా మారడం, స్పృహ తప్పడం ఎప్పుడైనా జరిగిందా? అలాంటప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు పోయొద్దు, వేలు పెట్టొద్దు. మామూలుగా నిమిషంలోపే తేరుకుంటారు. తేరుకోకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తేరుకున్నా సరే, ఒకసారి పిల్లల డాక్టర్‌కు చూపించి రక్తంలో ఐరన్ తగ్గిందేమో పరీక్ష చేయించాలి. ఐరన్ లోపం ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ. ఇంట్లో కూడా రోజుకు చాలాసార్లు పేచీలు వస్తున్నా, తనను తాను కొట్టుకుంటున్నా, వచ్చిన మాటలు పోతున్నా ప్రయాణం దాకా ఆగకండి. బయల్దేరే వారంలో జలుబు, జ్వరం, చెవినొప్పి ఉంటే విమానం ఎక్కే ముందే చెవులు చూపించండి.