మందు ఇచ్చేసి వెళ్ళిపోకు, మళ్ళీ ఒకసారి ఆ మంచం దగ్గరికి రా

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసేడు, సోమవారం నుంచి మీకు నర్సింగ్ వార్డు పోస్టింగులంట కదా, పిల్ల రెండ్రోజుల్నుంచి సరిగ్గా అన్నం తినట్లేదు, నువ్వే ఏదో ఒకటి చెప్పప్పా అన్నాడు. ఫోన్లో చెప్తే ఊఁ ఊఁ అనేసి పెట్టేస్తావని నాకు తెల్సు, అందుకే కూర్చుని టైపు చేస్తన్నాను, తప్పులుంటే సర్దుకో, కళ్ళజోడు పవర్ మార్చాలి. ముప్పయ్యేళ్ళు ఇంజెక్షన్లు చేసిన చెయ్యి ఈ ఫోన్ మీద మాత్రం వణుకుతాది.

భయమేస్తే వెయ్యనీ. భయం పూర్తిగా పోయినోళ్ళనే చూసి నేను ఎక్కువ భయపడ్డాను, ట్రే పట్టుకుని పక్కదానితో చీరల కబుర్లు చెప్పుకుంటూ పది మంచాలు పావుగంటలో అయిపోగొట్టేసేవాళ్ళు.

మందు ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి రైట్ పేషెంట్, రైట్ డ్రగ్, రైట్ డోస్, రైట్ రూట్, రైట్ టైం అని మీకు బట్టీ పట్టించేసే ఉంటారు, ఇప్పుడు వాటికి ఇంకొన్ని కలిపి చెప్తున్నారంట. పరీక్షలో అన్నీ రాసేస్తావులే. వార్డులోకొచ్చాక మాత్రం మొట్టమొదటి దాని దగ్గరే తేడా కొడతాది, ఎందుకంటే ఇది మన శ్రీకాకుళం. ఒకసారి నా ఫిమేల్ వార్డులో ఒకే రోజు ముగ్గురు అప్పలనరసమ్మలు, ఇద్దరికి ఇంటిపేరు కూడా ఒకటే. సింహాచలం అని కేస్ షీట్ మీద ఉంటే అది ఆడ మనిషో మగ మనిషో కూడా పేరుని బట్టి చెప్పలేం. అందుకని "నువ్వు అప్పలనరసమ్మవేనా" అని ఎప్పుడూ అడక్కు, చెవులు సరిగ్గా వినపడని ముసలమ్మ దేనికైనా ఊఁ అనే అంటాది. "నీ పేరేటమ్మా, ఏ ఊరు మీది" అని ఆమె నోటితో చెప్పించుకో, మొగుడి పేరు అడిగితే కొందరు సిగ్గుపడి నవ్వేసి ఊరుకుంటారు, అప్పుడు పెద్ద కొడుకు పేరు అడుగు. ఆ తర్వాత కేస్ షీట్ మీద ఐపీ నంబరు, అదే చేరినప్పుడు ఇచ్చే నంబరు, చేతి బ్యాండు చూసుకో. మంచం నంబరుని మాత్రం నమ్మొద్దు, ఫ్యాన్ కింద మంచం ఖాళీ అయితే చాలు, నువ్వు టీ తాగొచ్చేలోపు ఎవరో ఒకరు అక్కడికి మారిపోతారు. ఇచ్ఛాపురం వైపు వాళ్ళకి కొందరికి ఒడియానే వస్తాది, అప్పుడు పక్క మంచం వాళ్ళని మధ్యలో పెట్టుకుని అడిగైనా సరే పేరు తేల్చుకున్నాకే మందు.

లేబుల్ మూడుసార్లు చదవాలి, బీరువాలోంచి తీసినప్పుడు, సిరంజిలోకి లాగేటప్పుడు, మంచం దగ్గర ఇచ్చే ముందు. నువ్వు లాగని సిరంజి నువ్వు చెయ్యొద్దు. "ఇది ఆరో నంబరుకి చేసేయ్ అమ్మా" అని ఎవరైనా పేరు రాయని సిరంజి చేతిలో పెడితే, మెల్లిగా "నేను చూడలేదు కదా మేడమ్, మళ్ళీ లాగుతాను" అను. తిడతారు, తిట్టనీ. అసలు స్టూడెంటువి, స్టాఫ్ సిస్టర్ పక్కన లేకుండా నరంలోకి ఎక్కించే ఐవీ మందు దేన్నీ ముట్టుకోకు.

ఇప్పుడు ఒక సంగతి చెప్తాను, ఇది మీ నాన్నకి కూడా తెలీదు. నా సర్వీసులో ఏడో ఏడో ఎనిమిదో ఏడో, ఎక్కడ అని అడక్కు. నైట్ డ్యూటీ, మేల్ వార్డులో షుగర్ పేషెంట్ ఒకాయన, కాలికి పుండు, భోజనం ముందు 20 యూనిట్ల ఇన్సులిన్ రాసి ఉంది. మా ఫ్రిజ్‌లో ఇన్సులిన్ వయల్, అదే మందు సీసా, అయిపోతే వాళ్ళబ్బాయి బయట మెడికల్ షాపులో కొనుక్కొచ్చి ఇచ్చాడు. నేను రోజూ లాగినట్టే ఎర్ర మూత సిరంజి తీసి 20 గీత దాకా లాగి పొట్ట మీద చేసేసి సంతకం పెట్టేసి వెళ్ళిపోయాను. నేను చూడనిదేంటంటే, ఆ కొత్త వయల్ మీద 100 అని ఉంది, మా ఫ్రిజ్‌లోవన్నీ 40వి.

నీకు లెక్క అర్థమయ్యేలా చెప్తాను, ఇది ఏ క్లాసులోనూ ఇంత నెమ్మదిగా చెప్పరు. మన దేశంలో ఇన్సులిన్ వయల్స్ రెండు రకాలు దొరుకుతాయి, ఒక ఎంఎల్‌లో 40 యూనిట్లు ఉండేది, 100 యూనిట్లు ఉండేది. దేని సిరంజి దానికే, 40 దానికి ఎర్ర మూత, 100 దానికి ఆరెంజ్ మూత. ఎర్ర మూత సిరంజిలో 20 గీత అంటే అర ఎంఎల్. అర ఎంఎల్ 100 ఇన్సులిన్ అంటే ఎంత? 50 యూనిట్లు. 20 ఇవ్వాల్సిన మనిషికి 50 పోయింది, రెండున్నర రెట్లు. అదే తిరగేసి 40 వయల్‌ని ఆరెంజ్ సిరంజితో 20 గీత దాకా లాగేవనుకో, 0.2 ఎంఎల్, అంటే 8 యూనిట్లే పోతాయి, అప్పుడు షుగర్ దిగదు, డాక్టరు గారేమో డోసు పెంచుకుంటూ పోతారు, ఎవరికీ తెలీదు ఎందుకు తగ్గట్లేదో.

పదింటికి పక్క మంచానికి యాంటీబయోటిక్ ఉంటే వెళ్ళాను. ఆయన కోసం వెళ్ళలేదు, అది గుర్తుంచుకో. చూస్తే బనీను నీళ్ళలో ముంచినట్టు తడిసిపోయి ఉంది, పిలిస్తే కళ్ళు తెరుస్తున్నాడు కానీ మాట ముద్దముద్దగా వస్తంది, భోజనం ప్లేటు సగం తిని అలాగే ఉంది. వాళ్ళబ్బాయేమో "ఉక్కపోతకి సెమటలు పడతన్నాయి సిస్టరమ్మా" అంటాడు. స్ట్రిప్ పెట్టి చూస్తే షుగర్ 38, బాగా పడిపోయింది. నా కాళ్ళు ఆడలేదు. అప్పుడు వయల్ తిప్పి చూసాను, 100.

డ్యూటీ డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, 20కి బదులు 50 వెళ్ళిపోయింది సార్, నాదే తప్పు, అని. ఏడుపు వచ్చేసింది. "ముందు ట్వంటీఫైవ్ పర్సెంట్ డెక్స్‌ట్రోజ్ లోడ్ చెయ్యి, తర్వాత ఏడుద్దువు" అన్నారు ఆయన. ఆ గ్లూకోజ్ మందు 100 ఎంఎల్ వెళ్ళేసరికి ఆ మనిషి లేచి ఏటయిందీ అని అడిగాడు. అక్కడితో అయిపోలేదు, ఇన్సులిన్ లోపల ఇంకా పని చేస్తూనే ఉంటాది కదా, డెక్స్‌ట్రోజ్ డ్రిప్ పెట్టి తెల్లార్లూ గంటగంటకీ షుగర్ చూస్తూ కూర్చున్నాను. పొద్దున్న ఆయన నన్ను చూసి "రాత్రంతా నిద్దరపోనివ్వలేదు కదమ్మా, వేళ్ళన్నీ పొడిసేసినావు" అని తిట్టాడు. ఆ తిట్టు విని నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. వాళ్ళబ్బాయికి నిజం చెప్పడానికి మాత్రం మధ్యాహ్నం దాకా ధైర్యం చాల్లేదు.

అప్పుడు నేను డాక్టరుకి చెప్పకుండా "షుగర్ పడిపోయింది సార్" అని ఊరుకుని ఉంటే ఆయన ఒక్క డోసు డెక్స్‌ట్రోజ్‌తో వదిలేసేవారు, అర్ధరాత్రి మళ్ళీ పడిపోయేది. తప్పు జరిగితే ముందు పేషెంటుని చూడు, వెంటనే డాక్టరుకీ ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కీ చెప్పు, ఏం ఇచ్చావో ఎంత ఇచ్చావో ఎన్నింటికో షీట్ మీద రాయి. మెమో వస్తే వస్తాది. నాకు వచ్చింది, ఇంకా దాచుకున్నాను.

ఆ రోజు నుంచి నాకొక అలవాటు. మందు ఇచ్చిన ప్రతి మంచానికీ మళ్ళీ వెళ్తాను, కావాలని వెళ్తాను. ఐవీ అయితే పావుగంట అరగంటలో, టాబ్లెట్ అయితే గంటలో. వెళ్ళి ఏం చూడాలనేది మందుని బట్టి ఉంటాది, అది ముందే తెలిసుండాలి, తెలీకపోతే ఆ మందు ఇవ్వకముందే అడుగు. ఒంట్లో నీరు దించే లేసిక్స్ ఇచ్చావంటే బీపీ, యూరిన్ ఎంతొచ్చిందో చూడు. గుండె మందు డిగాక్సిన్ ఇచ్చే ముందే గుండె మీద స్టెత్ పెట్టి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టు, పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేసే పని పెట్టుకోకు, 60 కన్నా తక్కువుంటే ఆపి డాక్టరుకి చెప్పు. లేబర్ వార్డులో ఫిట్స్ వచ్చినోళ్ళకి మెగ్‌సల్ఫ్, అదే మెగ్నీషియం సల్ఫేట్, నడుస్తుంటే ప్రతి డోసు ముందూ మోకాలి చిప్ప కింద సుత్తితో తట్టి చూడాలి కాలు లేస్తుందో లేదో, శ్వాస నిమిషానికి 16కి తగ్గకూడదు, యూరిన్ గంటకి కనీసం 30 ఎంఎల్ రావాలి, వీటిల్లో ఏది తేడా అయినా తర్వాతి డోసు లేదు, దానికి విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ మంచం పక్కనే ఉండాలి, బీరువాలో కాదు, ఆ తాళం ఎవరి దగ్గరుందో వెతుక్కునే టైం ఉండదు.

వానాకాలం ఉడుపుల టైంలో పోస్టింగ్ పడితే పాము కాట్లు చూస్తావు. ఆ యాంటీవెనమ్ పొడి వయల్‌లో నీళ్ళు వేసి గట్టిగా ఊపేవంటే నురగ కట్టేస్తాది, చేతిలో గుండ్రంగా తిప్పుతూ కరిగించాలి, పది వయల్స్ కరిగించేసరికి చేతులు నొప్పెడతాయి, అయినా ఊపకు. డ్రిప్ మొదలెట్టే ముందే అడ్రినలిన్ అర ఎంఎల్ సిరంజిలో లాగి పేరు రాసి పెట్టుకోవాలి, రియాక్షన్ వస్తే అది తొడ కండలోకి వెళ్ళాలి. మొదటి అరగంట ఆ మంచం దగ్గర్నుంచి కదలొద్దు. ఒళ్ళు దురదంటే, దద్దుర్లంటే, ఊరికే దగ్గుతున్నా సరే డ్రిప్ ఆపి కేకెయ్యి.

ఇంకోటి, మన జిల్లా పిల్లవి కాబట్టి నీకు అందరికన్నా ముందు తెలియాల్సింది, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మన ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస, మందస, ఇచ్ఛాపురం, ఏ ఊరు అని అడగమన్నాను కదా, పేరు కోసమే కాదు. ఆ వైపు నుంచి వచ్చిన మనిషి జ్వరమనో నడుంనొప్పనో చేరినా కిడ్నీ సంగతి అడుగు, కిడ్నీ ఎలా పని చేస్తందో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్ రిపోర్టు వెతుకు. నొప్పికి డైక్లోఫెనాక్ రాసి ఉన్నా, ఇన్ఫెక్షన్‌కి అమికాసిన్ రాసి ఉన్నా, రెండూ కిడ్నీని దెబ్బతియ్యొచ్చు, రిపోర్టు తీసుకెళ్ళి "సార్, క్రియాటినిన్ చూసారా" అని అడగడం నీ పనే. కిడ్నీ సరిగ్గా లేనోళ్ళకి ఇన్సులిన్ కూడా ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతాది, మామూలు డోసుకే షుగర్ పడిపోవచ్చు. డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపి ఫిస్టులా పెట్టిన చేతికి బీపీ కట్టొద్దు, సూది గుచ్చొద్దు. పలాసలో 2023 డిసెంబర్లో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, రీసెర్చ్ సెంటర్ మొదలయ్యాయి కదా, నీ చదువయ్యాక అక్కడ ఉద్యోగం వస్తే బాగుణ్ణని నా ఆశ, మీ అమ్మకి మాత్రం విశాఖపట్నమే కావాలి.

పొటాషియం క్లోరైడ్ గురించి ఒక్క మాట. 10 ఎంఎల్ యాంప్యూల్, చూస్తే నీళ్ళలాగే ఉంటాది, 20 మిల్లీఈక్వివలెంట్ల పొటాషియం ఉంటాది. దాన్ని నేరుగా నరంలోకి నెట్టేస్తే గుండె అక్కడికక్కడే ఆగిపోతాది. ఎప్పుడైనా సెలైన్‌లో కలిపే, అదీ వేలాడుతున్న బాటిల్‌లో పొడిచేసి వదిలేయకుండా, కిందికి దించి బాగా తిరగేసి కలిపి, లేబుల్ అంటించి, నెమ్మదిగా. లేకపోతే మందంతా అడుక్కి దిగిపోయి మొదటి డోసంతా ఒక్కసారే వెళ్తాది.

పిల్లల వార్డులో పారాసిటమాల్ సిరప్ 5 ఎంఎల్‌కి 125 మిల్లీగ్రాములదీ 250 దీ పక్కపక్కనే ఉంటాయి. 12 కేజీల పిల్లాడికి కేజీకి 15 మిల్లీగ్రాముల చొప్పున 180 మిల్లీగ్రాములు, ఒక దాంట్లో 7.2 ఎంఎల్, ఇంకోదాంట్లో 3.6. తల్లికి "ఒక మూత పట్టమ్మా" అని చెప్పకు, సిరంజితో గీత చూపించి పంపు.

టాబ్లెట్లు మింగేదాకా అక్కడే నిలబడు. ఒకామెకి వారం రోజులు బీపీ దిగలేదు, పక్క సర్దుతుంటే కొంగు ముడిలో తొమ్మిది టాబ్లెట్లు దొరికాయి. అడిగితే "మింగితే తల తిరుగుతంది, ఇంటికెళ్ళాక ఏసుకుందామని" అంది. ఆమెని తిట్టలేదు నేను. తల తిరుగుతుందని ఆమె రెండో రోజే చెప్పిందంట, ఎవరూ రాయలేదు.

ఫోన్లో ఆర్డర్ చెప్తే రాసుకుని తిరిగి చదివి వినిపించు, ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినపడతాయి, "ఒకటి ఐదు, సార్" అని విడగొట్టి చెప్పు. యూనిట్లు అని పూర్తిగా రాయి, ఒక్క యు అక్షరం రాస్తే చేతిరాతలో సున్నాలాగ కనబడి 4 కాస్తా 40 అయిపోతాది.

మీ నాన్నతో ఒక కవరు పంపుతున్నాను. అందులో సెకన్ల ముల్లున్న చేతి గడియారం ఉంది, నాదే, బెల్ట్ కొత్తది వేయించాను, ఫోన్ చూసి పల్స్ లెక్కపెట్టొద్దు. ఇంకా ఎర్ర మూత సిరంజి ఒకటి, ఆరెంజ్ మూతది ఒకటి. ఆదివారం గ్లాసులో నీళ్ళు పెట్టుకుని రెండిట్లోనూ 20 గీత దాకా లాగి పక్కపక్కన పెట్టి ఫోటో తీసి నాకు పంపు. అన్నం తిన్నాకే.

అత్త