అంతగా పొగిడిన క్రాఫ్ట్ బీరు నాకెందుకు నచ్చలేదు?

హైదరాబాద్‌లోని ఒక మైక్రోబ్రూవరీ (కొద్ది మోతాదులో బీరు తయారుచేసి అక్కడే పోసే చోటు) గురించి స్నేహితులు నెలల తరబడి ఊరించారని, తీరా వెళ్లి ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే రకం బీరు) తాగితే చేదు తప్ప ఏమీ తెలియలేదని మీరు రాశారు. లోపం మీ నాలుకదా, బీరుదా అని అడిగారు. రెండింటిదీ కాదంటాను. అది నోటికి చేరకముందే ఎలా ఉండాలో మీ మనసులో స్థిరపడిపోయింది. చెప్పినంత లేకపోయేసరికి ఉన్నది కూడా కనిపించలేదు.

దీన్ని పరీక్షించి చూసినవారున్నారు. లియొనార్డ్ లీ, షేన్ ఫ్రెడరిక్, డాన్ ఏరియెలీ అనే పరిశోధకులు అమెరికాలోని కేంబ్రిడ్జ్ పబ్బుల్లో బీరులో కొన్ని చుక్కల బాల్సమిక్ వెనిగర్ (ద్రాక్షతో చేసే పుల్లటి ద్రవం) కలిపి, మామూలు బీరుతో పాటు ఇచ్చి చూశారు. ఫలితాలు 2006లో ప్రచురించారు. ఏమీ చెప్పకుండా ఇస్తే ఎక్కువమంది వెనిగర్ బీరునే మెచ్చుకున్నారు. ముందే చెప్పి ఇస్తే మెచ్చేవాళ్లు బాగా తగ్గారు. నాకు ముఖ్యంగా తోచింది మూడో సంగతి: తాగిన తర్వాత చెబితే ఆ ఇష్టం పెద్దగా తగ్గలేదు. అంటే ముందుగా విన్న మాట అభిప్రాయంతో ఆగడం లేదు, రుచినే మార్చేస్తోంది.

మాది నకిరేకల్ దగ్గర పల్లె. మా చిన్నాన్న తాటికల్లు తప్ప మరొకటి ముట్టని మనిషి. హైదరాబాద్ తీసుకెళ్లినప్పుడు ఆయనకు హెఫెవైజెన్ అనే గోధుమ బీరు ఇప్పించాను. పేరూ చెప్పలేదు, ధరా చెప్పలేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, నురుగు తగ్గేదాకా ఆగి, ఒక గుక్క తాగి, "ఇందులో మగ్గిన అరటిపండు వేశారా?" అన్నాడు. పండు వెయ్యరు. పులిసేటప్పుడు ఆ రకం ఈస్టు నుంచే అరటి వాసన, లవంగం వాసన పుడతాయి. మాతో వచ్చిన మిత్రుడు దాని గురించి ఎంతో చదివి వచ్చాడు. ఆ వాసన ఎప్పుడు తగులుతుందా అని వెతుక్కుంటూనే గ్లాసు ఖాళీ చేశాడు. చిన్నాన్నకు కల్లులో పులుపు గంట గంటకూ ఎలా మారుతుందో తెలుసు, పైగా వెతకాల్సినదేదీ లేదు.

కల్లు దగ్గరా ఇదే జరుగుతుంది. వీడియోల్లో చూసి వచ్చినవాళ్లు విజయవాడ హైవే పక్కన కారు ఆపి, మిట్టమధ్యాహ్నం తాటాకు రేక పడతారు. తియ్యగా ఉంటుందని విని ఉంటారు. తెల్లవారుతూనే దించిన కల్లు తియ్యగా ఉండే మాట నిజమే. కానీ ఎండెక్కేకొద్దీ అది లొట్టిలో పులుస్తూనే ఉంటుంది. ఆ పులుపు తగలగానే "కల్తీ" అనేస్తారు, అదీ చెట్టెక్కి దించిన గీత కార్మికుడి ముందే. నాకు చాలా బాధేస్తుంది. వాళ్లు తాగింది మంచి కల్లే, విన్నది మాత్రం పొద్దుటి కల్లు గురించి.

పొగడ్త దీనికి వ్యతిరేకంగా, నచ్చేలా కూడా పనిచేస్తుంది. బెల్జియంలో సెయింట్ సిక్స్టస్ మఠం సన్యాసులు తయారుచేసే వెస్ట్‌వ్లెటెరెన్ 12 సీసాకు చాలాకాలం లేబులే లేదు. 2005లో ఒక రేటింగ్ జాబితాలో అగ్రస్థానం రావడంతో మఠం ముందు కార్లు బారులు తీరాయి. అంత కష్టపడి సంపాదించిన సీసాను బాగాలేదనడానికి ఎవరికి మనసొస్తుంది?

ఇక మీ ఐపీఏ. చేదు దాని స్వభావం, బీరుకు చేదూ సువాసనా ఇచ్చే హాప్స్ అనే పువ్వులు దండిగా వేస్తారు. గడ్డకట్టేంత చల్లటి స్ట్రాంగ్ బీరుకు అలవాటుపడ్డ మనకు మొదట ఆ చేదే తగులుతుంది. మరీ చల్లగా ఉంటే సువాసన పైకి రాదు కాబట్టి గ్లాసును కాసేపు అలా వదిలేయండి. ఈసారి ఫోనులో ఏమీ చదవకుండా వెళ్లండి. పెద్ద గ్లాసు తెప్పించుకునే ముందు రుచికి కొంచెం పోయమని అడగండి, చాలాచోట్ల కాదనరు. వీలైతే రెండు మూడు రకాలు పేర్లు చెప్పకుండా తెచ్చిపెట్టమని మీ స్నేహితులకే చెప్పండి. పేర్లు తాగాక అడగండి. అప్పటికీ ఐపీఏ నచ్చకపోతే, ఎవరు ఎంత పొగిడినా దాని మీద డబ్బు పెట్టకండి. గోధుమ బీరు తెప్పించుకోండి.