నాలుగో మాట మీ ఇంట్లోనే వినబడుతోంది

"అమ్మా, వందనాలు. మాది ఒంగోలుకి గంట దూరంలో పల్లెటూరు. ముత్తాతల నాటి నుంచి బాప్టిస్టు కుటుంబం. మా వారికి రెండు కిడ్నీలూ చెడిపోయి ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు ఒంగోల్లో డయాలసిస్. నేను బడిలో మధ్యాహ్న భోజనం వండుతాను. మానేస్తే ఆ పని ఇంకొకరికి పోతుంది. అందుకని ఆసుపత్రికి మా అమ్మాయే తీసుకెళ్తుంది. దానికి ఇరవై ఏళ్ళు, డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేసింది. అబ్బాయిది హైదరాబాదులో ఉద్యోగం, కొత్తగా చేరాడని వాడిని ఇబ్బంది పెట్టడం లేదు. మా ప్రార్థన గుంపులో ఒక అమ్మగారు మా ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉందని, అదే స్వస్థతకి అడ్డుపడుతోందని దర్శనంలో చూశారట. నలభై రోజులు పగలంతా ఉపవాసం ఉండమన్నారు. నాకు షుగర్ ఉంది. ఇరవై రెండో రోజు పొయ్యి దగ్గరే పడిపోయాను. ఇంతకన్నా పెద్ద బాధ మా అమ్మాయి. నాలుగు నెలలుగా గుడికి రావడం లేదు. 'దేవుడుంటే నాన్నకెందుకిలా' అంటుంది. పొద్దున లేస్తూనే వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది గాని బైబిలు ముట్టుకోదు. ఒక సీసా మీద గీత గీసి పెట్టింది, ఆయన గుక్కెడు నీళ్ళు ఎక్కువ తాగితే ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. దీని అవిశ్వాసం వల్లే ఆయనకి స్వస్థత ఆగిందా? దీన్ని మళ్ళీ విశ్వాసంలోకి ఎలా తేవాలి? మిగిలిన ఉపవాసం పూర్తి చేయమంటారా?"

చెయ్యొద్దు. ఇవాళే ఆపేయండి. షుగర్ మాత్రలు వేసుకుంటూ పగలంతా కడుపు మాడ్చుకుంటే ఒంట్లో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు, మనిషీ పడిపోవచ్చు. మీకు జరిగిందీ అదే అయి ఉంటుంది. పొయ్యి మీదకి పడలేదు, స్తోత్రం. రేపు వెళ్ళి డాక్టరుకి చూపించుకోండి, పడిపోయిన సంగతి దాచకుండా చెప్పండి. మిగిలిన రోజులు దేవుడి దగ్గర బాకీ కింద రాసి ఉంటాయని భయపడకండి.

ఇక ఒప్పుకోని పాపం సంగతి. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం మీకు నేను చెప్పక్కర్లేదు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది అచ్చంగా మీ ప్రార్థన గుంపు అమ్మగారి ప్రశ్నే: పాపం వీడిదా, వీడి తల్లిదండ్రులదా? ఇద్దరిదీ కాదన్నాడు ప్రభువు. అంత సూటిగా చెప్పాక కూడా రెండు వేల ఏళ్ళుగా మనవాళ్ళు రోగి మంచం చుట్టూ పాపం కోసం వెతుకుతూనే ఉన్నారు. సర్వం పోగొట్టుకుని జబ్బుపడ్డ యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నోరెత్తకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని ఆ వారమే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాక చివరికి దేవుడి కోపానికే గురయ్యారు. ఆ అమ్మగారు మళ్ళీ వస్తే కాఫీ ఇచ్చి పంపండి. దర్శనాల్లో ఇంత కనబడే మనిషికి మీ వారితో ఒక్క రోజు ఒంగోలు బస్సెక్కాలని ఎందుకు కనబడలేదో నాకు తెలియదు.

మీరు అడిగినవి అయిపోయాయి. అడగనిది మిగిలింది.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అమ్మగారి దర్శనం గురించి, ఉపవాసం గురించి వివరంగా రాశారు. అమ్మాయి చదువు గురించి ఒకే ఒక్క మాట: 'ఆపేసింది'. ఆపేసిందా, ఆపించారా? అబ్బాయిని ఇబ్బంది పెట్టకూడదని మీకు తోచింది. అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి ఆ ఆలోచన ఎవరికైనా వచ్చిందా? లెక్క వేద్దాం. ఏడాదిన్నర అంటే 78 వారాలు. వారానికి మూడు చొప్పున 234 సార్లు. వెళ్ళడానికి గంట, మిషను మీద నాలుగు గంటలు, ముందూ వెనకా బరువు చూడటం, బీపీ చూడటం, నీరసంతో తూలే మనిషిని పట్టుకుని మళ్ళీ బస్సెక్కించడం. 234 సార్లు ఇరవై ఏళ్ళ పిల్ల చేసింది. తనతో చదివినవాళ్ళు ఈపాటికి చివరి ఏడాదికి వచ్చి ఉంటారు. మీవాడు ఎన్నిసార్లు వచ్చాడు?

కోపం తెచ్చుకోకండి. కొడుక్కి ఉద్యోగం, కూతురికి చాకిరీ అని పంచేది మీరొక్కరే కాదు, మన ఇళ్ళన్నిటిలో ఇదే తీరు. గుడిలో ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు కూర్చుని దేవుడి ముందు అందరూ సమానమని పాడి, ఇంటికి రాగానే ఎంగిలి కంచాలు ఎవరు తీయాలో మాత్రం ఎవరూ చెప్పకుండానే తేలిపోతుంది. నాకిది ముందు నుంచీ గిట్టదు.

అమ్మాయి పొద్దున్నే నాన్న చెయ్యి పట్టుకుంటుంది గాని బైబిలు పట్టుకోదని రాశారు. ఆ చెయ్యి ఎందుకు పట్టుకుంటుందో ఎప్పుడైనా అడిగారా? డయాలసిస్ కోసం చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుడతారు, ఫిస్ట్యులా అంటారు. అక్కడ వేలు ఆనిస్తే చర్మం కింద గుర్రుమని అదురుతుంది, పిల్లిని ఒళ్ళో పెట్టుకున్నట్టు. ఆ అదురు ఆగిందంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. రోజూ తాకి చూడమని నర్సులు చెప్తారు. మీ ఇంట్లో విన్నది ఆ పిల్లే. తెల్లారగానే దాని మొదటి పని నాన్నలో ఆ గుర్రు ఇంకా ఉందో లేదో చూసుకోవడం. దాన్ని మీరు అవిశ్వాసం కింద రాశారు. నీళ్ళ సీసా మీద గీత కూడా అంతే. మూత్రం సరిగా రాని మనిషి తాగిన నీరంతా ఒంట్లోనే ఉండిపోయి, ఊపిరితిత్తుల్లో చేరితే ఆయాసంతో రాత్రికి రాత్రే ప్రాణం మీదకి వస్తుంది. ఆ పిల్ల అరుస్తున్నది నాన్న మీద కాదమ్మా, భయం మీద.

మీకు తెలిసిన సంగతే ఒకటి అడుగుతాను. శుభ శుక్రవారం నాడు మన గుళ్ళలో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు ప్రసంగించడానికి ఏడుగురికి పంచుతారు కదా. నాలుగో మాట ఎవరికి వచ్చినా ఏం చేస్తారో గమనించారా? 'నా దేవా, నన్నెందుకు విడిచావు' అని చదువుతారు, చదివిన మరుక్షణం వివరించడం మొదలుపెడతారు. నిజానికి విడవలేదని, ఇరవై రెండో కీర్తన చివర్లో స్తుతి ఉందని, ఇలా పది నిమిషాల్లో ఆ కేకని చక్కగా చాపలా చుట్టి మూలన పెట్టేస్తారు. ఆ కేకని కేకగా కాసేపు ఉండనిచ్చే ప్రసంగం నేను అరుదుగా విన్నాను. కీర్తనల్లో ఎనభై ఎనిమిదోది చదవండి. మొదటి నుంచీ మొర, చివరి మాట చీకటి. ఓదార్పు ఒక్క ముక్క లేదు. అయినా దాన్ని తీసెయ్యకుండా మన పుస్తకంలోనే ఉంచారు.

'దేవుడుంటే నాన్నకెందుకిలా' అన్న మీ అమ్మాయి మాట ఆ వరసలోదే. దేవుడు లేడని గట్టిగా అనుకున్న మనిషికి ఆయన మీద ఇంత కోపం దేనికి? ఇంకా ఎవరో వింటున్నారని లోపల ఎక్కడో ఉంది కాబట్టే అడుగుతోంది. మీరేమో దాని నోరు ఎలా మూయించాలని నన్ను అడుగుతున్నారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి, లేకపోతే మీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు. మా వారు చనిపోయినప్పుడు మా చిన్నవాడికి తొమ్మిదేళ్ళు. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ నేను 'ప్రభువు చిత్తం' అని చెప్తున్నాను, నా ధైర్యం చూసి అందరూ మెచ్చుకుంటున్నారు. నాకూ అది బాగానే ఉంది. ఒక రాత్రి వాడు పక్కలో పడుకుని, 'మనం సరిగ్గా ప్రార్థన చేయలేదా అమ్మా?' అన్నాడు. నోరు మూసుకుని పడుకోమన్నాను. వాడికిప్పుడు ముప్పై దాటాయి. పండక్కి వస్తాడు, గుడికీ వస్తాడు, పక్కనే కూర్చుంటాడు. ఆ ప్రశ్న మాత్రం మళ్ళీ అడగలేదు. వాడు దానికి ఏం జవాబు చెప్పుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

మీ అమ్మాయి ఇంకా అడుగుతోంది. అడిగినన్నాళ్ళు తలుపు తెరిచే ఉంది. జవాబు మీ దగ్గర లేకపోతే లేదనే చెప్పండి. 'నాకూ తెలియదమ్మా, నేనూ రాత్రుళ్ళు అదే అడుగుతున్నాను' అనండి. అడగడం లేదా మీరు? పొయ్యి దగ్గర పడిపోయేదాకా కడుపు మాడ్చుకున్న మనిషి మనసులో ఆ ప్రశ్న లేదంటే నేను నమ్మను. 'నా కృప నీకు చాలును' అనే వాక్యం మాత్రం దాని మీద ప్రయోగించకండి. అపొస్తలుడు పౌలు తన ఒంట్లో ముల్లులాంటి బాధని తీసేయమని మూడుసార్లు వేడుకున్నాక దేవుడు పౌలుతో అన్న మాట అది, పక్కింటివాళ్ళు అన్నది కాదు. ఆ ముల్లు పోలేదు కూడా. అదే పౌలు తన జతగాడు త్రోఫిముకి జబ్బు చేస్తే మిలేతులో వదిలి వెళ్ళాల్సి వచ్చింది. అంత విశ్వాసం ఉన్నవాడి ప్రార్థనకే కొన్ని జబ్బులు నయం కాలేదు, ఆ సంగతి ఎవరూ దాచలేదు. మన గుళ్ళలోనే నయమైనవాళ్ళకి తప్ప మైకు ఇవ్వరు. 234 సార్లు బస్సెక్కి, ఇవాళ కూడా ఎక్కిన మనిషి సాక్ష్యం చెప్పే ఆదివారం ఒకటి పెడితే ముందు వరసలో నేను కూర్చుంటాను.

ముత్తాతల నాటి బాప్టిస్టులమని రాశారు కాబట్టి ఇది మీ ఇంటి కథే. 1876 నుంచి 78 దాకా మహా కరువు. మీ ఒంగోల్లో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర అప్పుడు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు, ఆకలితో చస్తున్నవాళ్ళకి మట్టి పని, కూలి దొరకాలని. తిండి కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని ఆ కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముందు తట్ట, పార, సాయంత్రానికి చేతిలో కూలి. విశ్వాసం మాట ఆ తర్వాత. మీ అమ్మాయి విషయంలో కూడా వరస అదే. దాని నెత్తి మీద తట్ట దించండి ముందు.

అబ్బాయికి ఈ రాత్రే ఫోను చేయండి. బతిమాలొద్దు, చెప్పండి. నెలకి కనీసం రెండుసార్లు వచ్చి ఆసుపత్రికి వాడే తీసుకెళ్ళాలి. రాలేని వారాలకి ఆటోకి, తోడు వచ్చే మనిషికి డబ్బు పంపాలి. కొత్త ఉద్యోగం నిజమే, పాత నాన్న కూడా నిజమే. మీతో వంట చేసే ఆమెతో మాట్లాడుకుని నెలలో రెండు మూడు రోజులు మీరు వెళ్ళండి, ఆమెకి అవసరమైనప్పుడు మీరు సర్దండి. ఇక సంఘం. పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, ప్రార్థన అంశం చదివినట్టే ఇదీ చదవమనండి: ఫలానా రోజుల్లో డయాలసిస్, తోడుగా వెళ్ళడానికి మనుషులు కావాలి. స్త్రీల సమాజంలో పన్నెండు మంది ఉంటే నెలకి ఒక్కొక్కరికి ఒక్క రోజు. మీరు అడగడానికి సిగ్గుపడుతున్నారు, నాకు తెలుసు. జబ్బు బయటపడితే విశ్వాసం తక్కువని అనుకుంటారేమోనన్న సిగ్గు అది. కూతురి చదువు పోయింది ఆ సిగ్గుకే.

కాలేజీ తెరిచి ఉన్న రోజు చూసుకుని మీరూ అమ్మాయీ ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళండి. మళ్ళీ చేరే దారి ఏదో, ఎప్పటిలోగా దరఖాస్తు పెట్టాలో అక్కడే తేలుతుంది. కిడ్నీ మార్పిడి గురించి డాక్టరు ఏమన్నారో, అవయవ దానం కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్‌లో పేరు నమోదైందో లేదో మీరు రాయలేదు. అదీ అడగండి. మీ వారు ఏమంటున్నారో కూడా ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆయనకి జబ్బు చేసింది కిడ్నీలకి, నోటికి కాదు. కూతురి చదువు మాట ఆయన ముందే మాట్లాడండి.

గుడికి రమ్మని దాన్ని కొన్నాళ్ళు అడగకండి. ఆదివారం మీరు వెళ్ళి రండి. రేపు పొద్దున మాత్రం అది లేచి నాన్న పక్కన కూర్చున్నప్పుడు మీరూ వెళ్ళి కూర్చోండి. వేలు ఎక్కడ ఆనించాలో చూపించమనండి, ఆ గుర్రు మీ వేలికీ తగలనివ్వండి. సీసా మీద గీత ఎక్కడ గీయాలో అడిగి నేర్చుకుని, రేపటి గీత మీరు గీయండి.