బెంగళూరు వదిలి చియాంగ్ మాయ్‌లో చవగ్గా బతకొచ్చా? ముందు కరెంటు మీటరు చూడండి

అడిగిన ప్రశ్న ఇదీ: "భార్యాభర్తలం ఇద్దరం బెంగళూరులో ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాం. మారతహళ్ళిలో రెండు పడగ్గదుల ఇంటికి నలభై వేలు కడుతున్నాం. ఇదే డబ్బుతో థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో దర్జాగా బతకొచ్చంటున్నారు. నిజమేనా?"

బతకొచ్చండీ. కాకపోతే అద్దెకు అద్దె పెట్టి పోల్చడం దగ్గరే మీ లెక్క తప్పింది. అద్దె ఒక్కటే చూస్తే ఎవరికైనా అక్కడే చవకనిపిస్తుంది. అద్దె కట్టాక జేబులోంచి ఏం పోతుందో ఎవరూ రాయరు, వీడియోల్లో అసలే చూపించరు. "నెలకి ముప్పై వేలతో రాజాలా" అని తీసే వీడియోలన్నీ డిసెంబర్‌లో తీసినవే. అప్పుడు అక్కడ రాత్రిళ్ళు దుప్పటి కప్పుకునేంత చల్లగా ఉంటుంది.

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఫ్యాను తిప్పుకుని ఏడాదంతా గడిపేస్తున్నామంటే అది ఆ ఎత్తు చలవే. చియాంగ్ మాయ్ ఎత్తు 300 మీటర్ల పైచిలుకు మాత్రమే. బ్యాంకాక్, ఫుకెట్ అయితే చెన్నైలాగా సముద్రం పక్కనున్నట్టే. చెన్నైలో పెరిగినవాళ్ళు మే నెల ఎలా ఉంటుందో తెలిసే వెళ్తారు. బెంగళూరులో పదేళ్ళపాటు ఏసీ అన్నదే లేకుండా బతికినవాళ్ళే అక్కడ దెబ్బతింటారు. పైగా మీరిద్దరూ పగలంతా ఇంట్లోనే కూర్చుని పనిచేస్తారు. ఆఫీసు ఏసీ ఖర్చు కూడా మీదే అవుతుంది.

లెక్క వేద్దాం. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ గంటకు సగటున ముప్పావు యూనిట్ దాకా తాగుతుంది. పగలు ఎనిమిది గంటలు, రాత్రి ఎనిమిది గంటలు వేస్తే రోజుకు 12 యూనిట్లు, నెలకు 360. ప్రభుత్వ రేటు యూనిట్‌కు ఇంచుమించు 4 బాట్ (థాయ్ డబ్బు). అంటే 1,440 బాట్. ఇక్కడే మెలిక ఉంది. అక్కడ కాండో వేరు, అపార్ట్‌మెంట్ వేరు. కాండోలో ఒక్కో ఇంటికి ఒక్కో యజమాని ఉంటాడు, బిల్లు కరెంటు సంస్థ నుంచి నేరుగా వస్తుంది. అపార్ట్‌మెంట్ అంటే భవనమంతా ఒకరిదే. మీటరు రీడింగు వాళ్ళే రాసుకుని, యూనిట్‌కు 7, 8 బాట్ చొప్పున వసూలు చేస్తారు. అదే 360 యూనిట్లకు 2,880 బాట్ అవుతుంది. బాట్‌కు రెండున్నర నుంచి మూడు రూపాయలు వేసుకుంటే, ఒక్క ఏసీ మీదే నెలకు నాలుగు వేల రూపాయలు అదనం. మీరిద్దరూ వేర్వేరు గదుల్లో కూర్చుని మీటింగులు మాట్లాడుకుంటే రెండు ఏసీలు. అద్దె రెండు వేల బాట్ తక్కువ అని మురిసిపోయి తీసుకున్న ఇల్లు ఇలా మింగేస్తుంది.

అందుకే ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు మొట్టమొదట అడగాల్సింది పోయిన నెల కరెంటు బిల్లు. దానిమీద ప్రభుత్వ సంస్థ ముద్ర, బార్‌కోడ్ ఉంటే ఏ సెవెన్ ఎలెవెన్ కొట్లోనైనా మీరే కట్టేసుకోవచ్చు. చేత్తో రాసిన చీటీ చూపిస్తే యూనిట్ రేటు ఎంతో అడిగి ఒప్పందంలో రాయించండి. తాళాలు చేతికిచ్చే రోజు వరండాలోనో మెట్లపక్కనో ఉన్న మీటరు దగ్గరికి యజమానినో ఏజెంటునో వెంటబెట్టుకు వెళ్ళండి. మీటరు నంబరు, రీడింగు రెండూ ఒకే ఫొటోలో పడేలా తీసి, అక్కడే నిలబడి లైన్ యాప్‌లో వాళ్ళకి పంపండి. అక్కడ మన వాట్సాప్ స్థానంలో లైనే నడుస్తుంది. తర్వాత ఏసీ మూత తెరిచి ఫిల్టరు చూడండి. బట్టల బీరువా తలుపు తీసి, వెనక చెక్కమీద అరచేయి ఆనించి చూడండి. చేతికి తడి తగిలినా, ముక్కుకి ముక్కిపోయిన వాసన కొట్టినా ఆ ఇల్లు వద్దు. వానాకాలంలో తోలు బెల్టులు, బ్యాగులు, పట్టుచీరలు నెల తిరక్కుండా బూజు పట్టిపోతాయి. అడ్వాన్సు మామూలుగా రెండు నెలలు, దాంతోపాటు మొదటి నెల అద్దె. పది నెలల అడ్వాన్సు అడిగి, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకునే మన బెంగళూరు ఓనర్ల పద్ధతి అక్కడ లేదు. ఈ ఒక్క విషయంలో ఆ ఊరికి దండం పెట్టొచ్చు.

ఇక పొగ. చియాంగ్ మాయ్ చుట్టూ కొండలున్న గిన్నెలాంటి లోయలో ఉంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ చుట్టుపక్కల అడవులు తగలబడతాయి. మొక్కజొన్న మోళ్ళు, వరిగడ్డి కాలుస్తారు. సరిహద్దు అవతలి పొగ కూడా వచ్చి చేరుతుంది. గాలి కదలదు, పైన వెచ్చటి పొర మూతలా కప్పేస్తుంది. ఊరి పక్కనున్న సుతేప్ కొండ కూడా కనిపించని రోజులుంటాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ మూడు నెలలు వేరే ఊరు పోవాల్సిందే, అది ఇంకో అద్దె. లేదంటే గదికో గాలి శుద్ధి యంత్రం, కిటికీలన్నీ మూసి ఏసీ. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే: ఊరు చూసి నిర్ణయించుకోవాలంటే మార్చి ఆఖర్లో వెళ్ళి మూడు వారాలు ఉండండి. ఆ నెల మీకు నచ్చితే మిగతా పదకొండు నెలలూ నచ్చుతాయి.

వీసా సంగతి. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి 2024 జులైలో డీటీవీ అనే వీసా తెచ్చారు. ఐదేళ్ళు చెల్లుతుంది, వెళ్ళిన ప్రతిసారీ 180 రోజుల దాకా ఉండొచ్చు. ఇరవై ఏళ్ళు నిండి ఉండాలి, ఖాతాలో 5,00,000 బాట్‌కు సమానమైన సొమ్ము చూపించాలి, ఫీజు 10,000 బాట్ దరిదాపుల్లో. ఆ సొమ్మును థాయ్‌లాండ్‌కు పంపక్కర్లేదు, మీ బెంగళూరు బ్యాంకు ఖాతాలో ఉంటే చాలు. అనవసరంగా పంపితే, ఏడాదిలో పది లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందుగానే వసూలు చేసే పన్ను) కోసి పక్కన పెడతారు, మళ్ళీ రిటర్ను వేసి తెచ్చుకోవాలి. గడిచిన నెలల స్టేట్‌మెంట్లు కూడా అడుగుతారు కాబట్టి ముందురోజు బావమరిది దగ్గర చేబదులు తెచ్చి వేస్తే పట్టుబడుతుంది. అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే, అదీ థాయ్‌లాండ్ బయట ఉండగానే పెట్టాలి. ఇద్దరూ ఉద్యోగులే కాబట్టి ఎవరి కాగితాలు వాళ్ళు విడిగా పెట్టుకోవడం మేలు.

అసలు చిక్కు మీ కంపెనీ ఇచ్చే లేఖ దగ్గర వస్తుంది. "వర్క్ ఫ్రమ్ హోమ్" అని హెచ్ఆర్ రాసిచ్చింది ఇండియా లోపలి ఇంటికి మాత్రమే. ఈ వీసాకి విదేశం నుంచి పనిచేయొచ్చని స్పష్టంగా రాసిన లేఖ కావాలి. చాలా కంపెనీలు ఇవ్వవు. క్లయింటు డేటాను దేశం బయట తెరవకూడదని వాళ్ళ ఒప్పందాల్లో ఉంటుంది. వీపీఎన్ పెట్టి కానిచ్చేద్దామనుకోకండి. లాప్‌టాప్ ఎక్కడి నుంచి లాగిన్ అయిందో వాళ్ళకి తెలుస్తుంది, ఉద్యోగం పోతే వీసాకి ఆధారమే పోతుంది. ముందు ఆ లేఖ చేతికి తెచ్చుకోండి, తర్వాతే టికెట్ల మాట.

పన్ను కూడా చూసుకోవాలి. జనవరి నుంచి డిసెంబర్ మధ్య 180 రోజులు అక్కడ ఉంటే థాయ్ పన్ను లెక్కలో నివాసి అయిపోతారు. 2024 నుంచి బయట సంపాదించి ఆ దేశంలోకి తెచ్చుకున్న ఆదాయం మీద పన్ను వేస్తున్నారు. మన లెక్కేమో ఏప్రిల్ నుంచి మార్చి. విదేశీ ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు ఇండియాలో 182 రోజులకన్నా తక్కువ ఉంటే ఇక్కడి పన్ను లెక్కలో నివాసి కారనే వెసులుబాటు, ఇండియా కంపెనీ జీతం మీదే ఉండి మకాం మార్చినవాళ్ళకి వర్తిస్తుందా అన్నది చర్చ ఉన్న విషయం. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంది. ఒక సీఏకి ఫీజిచ్చి, మీ తేదీలు చూపించి లెక్క వేయించుకోండి.

దిగగానే చూసుకోవాల్సింది టీఎమ్ 30 అనే ఫారం. విదేశీయుడు తన ఇంట్లో దిగిన 24 గంటల్లో యజమాని ఇమ్మిగ్రేషన్‌కు తెలపాలి. పని యజమానిది, ఇబ్బంది మీది. ఆ రసీదు లేకపోతే ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో మీ మిగతా పని ముందుకు కదలదు. యజమాని వేరే ఊళ్ళో ఉంటే ఫోన్లమీద ఫోన్లు. కాబట్టి "టీఎమ్ 30 వేస్తారా, రసీదు ఇస్తారా" అని అడ్వాన్సు చేతిలో పెట్టకముందే అడగండి. 90 రోజులు దాటి ఉంటే చిరునామా మళ్ళీ తెలపాలి. గడువుకి 15 రోజుల ముందు నుంచి, తర్వాత 7 రోజుల దాకా ఇవ్వొచ్చు. వీసా గడువు దాటి ఉండిపోతే రోజుకు 500 బాట్ జరిమానా.

వంటిల్లు. కాండోల్లో గ్యాస్ సిలిండర్ పెట్టనివ్వరు, విద్యుత్ పొయ్యే. మన అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద పనిచేయదు. అడుగున ఇండక్షన్ గుర్తున్న మూడు లీటర్ల స్టీలు కుక్కర్ ఒకటి, ఇనప పెనం ఒకటి పట్టుకెళ్ళండి. కరెంటు అక్కడా మనలాగే 220-230 వోల్టులే, 50 హెర్ట్జ్, కాబట్టి మన 750 వాట్ల మిక్సీ శుభ్రంగా తిరుగుతుంది. కానీ మన మూడు గుండ్రటి కాళ్ళ ప్లగ్గు అక్కడి సాకెట్లో దిగదు. వంద రూపాయల అడాప్టరు పెట్టి పచ్చడి రుబ్బితే వేడెక్కి కరిగిపోతుంది. అక్కడి ఎలక్ట్రీషియన్ చేత ప్లగ్గే మార్పించండి. పాత భవనాల్లో సాకెట్‌కు ఎర్త్ ఉండదు, అదీ చూపించుకోండి. చిన్న కాండోలో పొగ గొట్టం ఉండదు. ఎండుమిర్చి, ఇంగువ తాలింపు వేస్తే పక్కింటివాళ్ళు తలుపు కొడతారు. బాల్కనీలో పొయ్యి పెట్టుకునే వీలున్న ఇల్లు వెతకడం మేలు.

సరుకుల్లో ఛాయ పెసరపప్పు అక్కడ ఏ సంతలోనైనా చవగ్గా దొరుకుతుంది. వాళ్ళు దాన్ని తీపి వంటల్లో వాడతారు. చింతపండుకీ పచ్చిమిర్చికీ లోటు లేదు. కందిపప్పు, మినపప్పు, సోనామసూరి మాత్రం భారతీయ కొట్లలోనే, ధర చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అక్కడి మల్లె బియ్యానికి ఒకటికి ఒకటింబావు నీళ్ళు చాలు. మన అలవాటున ఒకటికి రెండు పోస్తే ముద్దవుతుంది. పెరుగు కొనాలంటే చిన్న కప్పులు, అందులో సగం చక్కెర వేసినవి. చక్కెర లేని కప్పు ఒక్కటి కొని, పాలు కాచి తోడు పెట్టుకోండి, ఆ వేడికి ఐదారు గంటల్లో తోడుకుంటుంది. శాకాహారులకు ఇంకో మాట: కూరగాయల కూర అని పెట్టినదాంట్లోనూ చేపల రసం, రొయ్యల ముద్ద ఉంటాయి. పసుపు జెండా మీద ఎర్రగా "జే" అక్షరం ఉన్న కొట్టు వెతకండి, అది పూర్తి శాకాహారం.

ఓటీపీల గురించి ఎవరూ ముందు ఆలోచించరు. మీ బ్యాంకు, పీఎఫ్, ఆధార్, ఆదాయపన్ను అన్నీ ఒకే ఇండియా నంబరు మీద ఉన్నాయి. బయల్దేరే ముందే ఆ నంబరుకి అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించి, రెండు సిమ్ముల ఫోన్లో ఉంచండి. రీఛార్జి ఆపేసి వాడకుండా వదిలేస్తే 90 రోజుల తర్వాత నంబరు పోతుంది, తర్వాత అది ఇంకెవరిదో అవుతుంది. కార్డుల్లో విదేశీ వాడకం 2020 నుంచి మొదట్లో ఆపే ఇస్తున్నారు, బ్యాంకు యాప్‌లో మీరే ఆన్ చేయాలి. అక్కడి ఏటీఎంలు విదేశీ కార్డుకి ఒక్కోసారికి 200 బాట్ పైనే తీసుకుంటాయి, కాబట్టి చిన్న చిన్న మొత్తాలు తీయకండి.

బండి అద్దెకు తీసుకునేముందు మీ లైసెన్సులో మోటార్‌సైకిల్ ఉందో లేదో చూడండి. కారు నేర్చుకుని స్కూటీ నడుపుతున్నవాళ్ళు మనలో ఎంతమందో. అంతర్జాతీయ పర్మిట్టు బెంగళూరు ఆర్టీవో దగ్గర 1,000 రూపాయలకు ఏడాదికి ఇస్తారు, లైసెన్సులో ఉన్న తరగతే అందులో వస్తుంది. ఆ తరగతి లేకుండా స్కూటర్ మీద పడితే బీమా కంపెనీ పైసా ఇవ్వదు, ప్రైవేటు ఆస్పత్రి బిల్లు లక్షల్లో ఉంటుంది.

పిల్లలుంటే ఈ చవక మాటే మర్చిపోండి. ఇంగ్లిష్ మీడియం అంటే అంతర్జాతీయ బడే, దాని ఫీజు మీ అద్దెను మింగేస్తుంది.

మీ ప్రశ్నకు సంబంధం లేకపోయినా ఇది రాయకుండా ఉండలేను, చదివేవాళ్ళలో ఉద్యోగం వెతుక్కునే కుర్రాళ్ళు ఉంటారు. "థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ, టికెట్ మేమే ఇస్తాం" అని టెలిగ్రామ్‌లో వచ్చేవాటిని నమ్మకండి. బ్యాంకాక్‌లో దించి, సరిహద్దు ఊరు మే సోట్ మీదుగా నది దాటించి మయన్మార్‌లోని మ్యావడీలో సైబర్ మోసాల ముఠాలకు అప్పగిస్తున్నారు. 2025 మార్చిలో మే సోట్ నుంచి ఐదువందల మందికి పైగా భారతీయుల్ని వాయుసేన విమానాల్లో వెనక్కి తీసుకురావాల్సి వచ్చింది. మన తెలుగు పిల్లలు కూడా ఇలా చిక్కుకున్నారు. పర్యాటకుడిగా దిగి ఉద్యోగం చేయమన్నవాడు ఎవడైనా మోసగాడే.

మీ ఇద్దరి విషయానికి వస్తే, మారతహళ్ళి ఇంటికి నోటీసు ఇప్పుడే ఇవ్వకండి. మార్చి ఆఖర్లో మూడు వారాలు ఉండి రండి, కంపెనీ లేఖ, వీసా చేతికి రానివ్వండి, అప్పుడు ఓనరుకి చెప్పండి. అడ్వాన్సు వెనక్కి రావడానికి నెలో రెండు నెలలో పట్టొచ్చు, కాబట్టి అక్కడి మూడు నెలల అద్దె, సామాన్లు, గాలి యంత్రం ఖర్చులకి ఆ డబ్బు మీద ఆధారపడకుండా విడిగా ఉంచుకోండి. ఆరోగ్య బీమా పాలసీ మాత్రం ఇక్కడిది రద్దు చేయకండి. తిరిగొచ్చాక కొత్తది తీసుకుంటే పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది.