ఇంట్లో గ్రిల్ చేసిన బర్గర్ ప్యాటీ రబ్బరులా ఎందుకు తయారవుతుంది?

మీరు రాసిన ఇబ్బంది నాకు బాగా తెలిసినదే. ఖీమాలో ఉప్పు, మసాలా, తరిగిన ఉల్లిపాయ వేసి మెత్తగా పిసుకుతున్నారు. గంటసేపు పక్కన పెట్టి, ఉండలు చేసి, ఒత్తి గ్రిల్ మీద వేస్తున్నారు. కాలుతున్న కొద్దీ ప్యాటీ అంచులు ముడుచుకుపోయి నడుమ బంతిలా ఉబ్బుతోంది. తింటే రబ్బరు నమిలినట్టు ఉంటోంది. మంట తగ్గించి చూశారు, పెంచి చూశారు, మార్పు లేదన్నారు. ఉండదు కూడా. ఆ ప్యాటీ నిప్పు మీదికి వెళ్లకముందే, మీరు శ్రద్ధగా పిసికిన ఆ పది నిమిషాలలోనే పాడైపోయింది.

రెండేళ్లపాటు నేను కూడా ఇలాగే చేశాను. పిండిని ఎంత మర్దిస్తే అంత మంచిదన్న అలవాటు చేతుల్లో ఉండిపోవడమే కారణం. ఖీమాకు ఆ లెక్క పనికిరాదు. ఉప్పు మాంసంలోని మయోసిన్ అనే ప్రోటీన్‌ను కరిగిస్తుంది. కరిగిన ప్రోటీన్ జిగురులా మారి ఖీమా పలుకులన్నింటినీ ఒకదానికొకటి అంటిస్తుంది. చేత్తో పిసికే కొద్దీ ఆ పట్టు ఇంకా బిగుస్తుంది. వేడి తగలగానే అదంతా గట్టి ముద్ద అవుతుంది. సాసేజ్ చేసేవారికి సరిగ్గా ఈ గుణమే కావాలి, అందుకే వారు ఉప్పు ముందే వేసి బాగా కలుపుతారు. బర్గర్‌కు కావలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కొరికినప్పుడు పలుకులు విడివిడిగా రాలాలి, వాటి మధ్య ఖాళీల్లో రసం నిలవాలి.

ఈ సంగతి చదివి తెలుసుకున్నా, కళ్లతో చూసేదాకా నాకు నమ్మకం కుదరలేదు. ఒకరోజు ఒకే ఖీమాను మూడు భాగాలు చేశాను. ఒకదానిలో గంట ముందే ఉప్పు కలిపాను. రెండోదానిలో ప్యాటీ చేసే ముందు కలిపాను. మూడోదానిలో ఏమీ కలపలేదు, గ్రిల్ మీద పెట్టబోయే క్షణంలో రెండు వైపులా పైన చల్లాను, అంతే. ఏది ఏదో చెప్పకుండా ఇంట్లోవాళ్లకు వడ్డించాను. మొదటిదాన్ని అందరూ సగంలో వదిలేశారు. రెండోది ఫరవాలేదన్నారు. మూడోది మా అమ్మాయి ఇంకొకటి అడిగి తిన్నది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఖీమాలోకి ఉప్పు వెళ్లలేదు.

ఉల్లిపాయ కూడా లోపల వద్దు. అది కాలేటప్పుడు నీరు వదులుతుంది, ముక్క ఉన్న చోటల్లా ప్యాటీ పగులుతుంది. చక్రాలుగా కోసి పక్కనే గ్రిల్ మీద కాల్చి, బన్నులో పెట్టుకుంటే రుచి ఎక్కడికీ పోదు.

ఇక ఖీమా సంగతి. బరువులో దాదాపు 20 శాతం కొవ్వు ఉండాలి. కొవ్వు లేని మాంసం ఆరోగ్యమని కొనేవారు చాలామంది ఉన్నారు, వారి ఉద్దేశాన్ని తప్పుపట్టను. కానీ గ్రిల్ మీద అది ఎండిపోక తప్పదు. బర్గర్ అప్పుడప్పుడు తినే వంట కాబట్టి, తిన్న రోజున సరైన కొవ్వుతో తినడమే మేలని నా అభిప్రాయం. ఖీమాను చివరి నిమిషం వరకు ఫ్రిజ్‌లోనే ఉంచండి. బయట ఉంటే కొవ్వు మెత్తబడి చేతికి అంటుకుంటుంది, మాంసంలో నిలవవలసినది అరచేతిలో మిగిలిపోతుంది. చేతులు చల్లటి నీళ్లతో తడుపుకుని, ఒక్కో ప్యాటీకి 150 గ్రాములు తీసుకుని, విడిపోకుండా ఉండేంత మాత్రమే ఒత్తండి. మందం సుమారు 2 సెంటీమీటర్లు ఉంటే చాలు. వెడల్పు బన్ను కంటే చుట్టూ ఒక సెంటీమీటరు ఎక్కువ ఉండాలి, కాలాక ఎలాగూ కుంచించుకుపోతుంది. నడుమ బొటనవేలితో చిన్న గుంట చేయండి. మీ ప్యాటీ బంతిలా ఉబ్బడానికి మందు ఇదే. వేడికి మాంసంలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ ముడుచుకుంటుంది. అంచులు ముందుగా కాలి, బెల్టు బిగించినట్టు లోపలికి నొక్కుతాయి, దాంతో నడిమి భాగం పైకి లేస్తుంది. గుంట ఉంటే ఆ లేచింది కాస్తా సమతలంగా వచ్చి ఆగుతుంది.

బొగ్గుల గ్రిల్ అయితే తొందర పడవద్దు. అంటించిన వెంటనే ఎర్రగా లేచే మంట మీద మాంసం పెడితే పైన మసి, లోపల పచ్చి. బొగ్గుల మీద బూడిదరంగు నివురు కమ్మేవరకు, అంటే 20 నుంచి 30 నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత బొగ్గులన్నీ ఒక పక్కకు నెట్టి, రెండో పక్క ఖాళీగా ఉంచండి. గ్యాస్ గ్రిల్ అయితే ఒక బర్నర్ పెద్ద మంట మీద, ఇంకొకటి ఆపి ఉంచండి. ఈ ఖాళీ పక్క ఎంత విలువైనదో కొవ్వు కారి మంట ఎగసినప్పుడు తెలుస్తుంది. ప్యాటీని అటు జరిపి మూత వేస్తే, గాలి ఆడక మంట దానంతట అదే తగ్గుతుంది. నీళ్లు మాత్రం చల్లకండి. మండుతున్న కొవ్వు మీద నీళ్లు పడితే నిప్పు చిమ్ముతుంది, బూడిద లేచి మాంసం మీద పడుతుంది. ఇంకొక మాట కూడా గట్టిగా చెప్పాలి. బొగ్గుల గ్రిల్‌ను గదిలోనూ, గ్యారేజీలోనూ వాడవద్దు, కిటికీలు తీసి ఉన్నా సరే. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, మనిషికి తెలిసేలోపే ప్రాణం తీస్తుంది.

ఊచలు వేడెక్కాక గీకి శుభ్రం చేసి, నూనెలో ముంచిన గుడ్డను పట్టకారుతో పట్టుకుని రుద్దండి. తీగల బ్రష్ వాడితే తర్వాత ఒకసారి పరిశీలనగా చూడండి, ఊడిన తీగముక్క ఆహారంలోకి వెళ్లే ప్రమాదం ఉంది. ఇప్పుడు ప్యాటీ మీద ఉప్పు, మిరియాల పొడి చల్లి వేడి పక్కన పెట్టండి. మొదటి రెండు మూడు నిమిషాలు ముట్టుకోవద్దు. ఊచలకు అంటుకున్నట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి. అడుగున తడి ఆరి, వేడి 140 డిగ్రీల సెల్సియస్ దాటాక పైపొర గోధుమరంగు తిరుగుతుంది. 1912లో లూయీ కామీ మైయార్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త వివరించిన రసాయన చర్య ఇదే, కాల్చిన మాంసపు వాసనంతా దీనిదే. ఆ పొర ఏర్పడితే ప్యాటీ తనంతట తానే ఊచలను వదులుతుంది. వదలకపోతే ఇంకా సమయం కాలేదన్నమాట. ఆ తర్వాత ఒక్కసారే తిప్పాలన్న నియమాన్ని నేను పాటించను. నిమిషానికోసారి తిప్పుతాను, రెండు వైపులా సమంగా కాలుతుంది.

అట్లకాడతో మాత్రం నొక్కకండి. నొక్కినప్పుడు వచ్చే ఆ చుయ్‌మన్న శబ్దం వినడానికి బాగుంటుంది, అతిథులకూ నచ్చుతుంది. కానీ అది మీ బర్గర్‌లోని రసం నిప్పుల్లో పడి ఆవిరైపోతున్న చప్పుడు.

ఎంతసేపు కాల్చాలని అడిగారు. నిమిషాల్లో చెప్పడం నాకు ఇష్టం లేదు. ఈ మందానికి సుమారు ఎనిమిది నుంచి పది నిమిషాలు పట్టవచ్చు, కానీ గాలి వీచినా, బొగ్గు తగ్గినా లెక్క మారిపోతుంది. రంగును నమ్మడం ఇంకా ప్రమాదం. ఒక సాయంత్రం మా తమ్ముడు ఒక ప్యాటీ విరిచి చూసి, లోపల గులాబీరంగు పోయింది కదా, తీసేయమన్నాడు. పక్కనున్న ప్యాటీలో థర్మామీటర్ గుచ్చితే 62 డిగ్రీలే చూపించింది. మేం ఆ పూట పిల్లలకు పెట్టబోతున్నది అదే. కొన్ని రకాల ఖీమా ఉడకకముందే గోధుమరంగుకు మారుతుంది, కొన్ని పూర్తిగా ఉడికినా గులాబీరంగులోనే ఉంటాయి. మాంసం ముక్కకైతే సూక్ష్మజీవులు సాధారణంగా పైనే ఉంటాయి, సెగకు చచ్చిపోతాయి. ఖీమా కొట్టినప్పుడు ఆ పైభాగమంతా లోపలికి కలిసిపోతుంది. ఇ.కోలై వంటివి నడిమి భాగంలోనూ ఉండవచ్చు. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ గొడ్డుమాంసం, గొర్రె, పంది ఖీమాలకు లోపలి వేడి 71 డిగ్రీల సెల్సియస్ చేరాలని చెబుతుంది. థర్మామీటర్‌ను పైనుంచి కాక పక్కనుంచి నడుమకు గుచ్చండి, అప్పుడే సరైన అంకె వస్తుంది. గ్రిల్‌కు సంబంధించి మీరు ఒక్క పరికరం కొనదలిస్తే అది కొనండి.

చీజ్ కావాలంటే దించే ముందు ఒక నిమిషం పైన పెట్టి మూత వేయండి. బన్నులను కోసిన వైపు కిందికి పెట్టి అర నిమిషం కాల్చితే రసానికి తొందరగా నానవు. పచ్చి మాంసం పెట్టిన పళ్లెంలోకే కాలిన ప్యాటీలను తీయకండి, వేరే పళ్లెం ముందే దగ్గర పెట్టుకోండి. అందులో మూడు నిమిషాలు అలా వదిలేశాక బన్నులో పెట్టండి.

మీరు వాడుతున్నది ఏ ఖీమానో రాయలేదు. ఒకవేళ కోడి ఖీమా అయితే పైన చెప్పినదానిలో కొన్ని మార్పులు అవసరం. కొవ్వు తక్కువ కాబట్టి పాలలో నానబెట్టి మెదిపిన రొట్టెముక్క కొద్దిగా కలపండి, తేమ నిలుస్తుంది. ముద్ద జిగటగా ఉంటుంది, అందుకని ఊచలకే కాక ప్యాటీకి కూడా నూనె రాయండి. వేడి పక్కన రంగు వచ్చాక ఖాళీ పక్కకు జరిపి, మూత వేసి, 74 డిగ్రీలు చేరేవరకు నిదానంగా ఉడకనివ్వండి. ఉప్పు మాత్రం దీనికీ పైనే.