తమ్ముడికి, నరాల నొప్పి గురించి

తమ్ముడూ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. సర్పి (హెర్పిస్ జోస్టర్) పొక్కులు మానిపోయినా చొక్కా తగిలితే నిప్పు అంటుకున్నట్టుందన్నావు చూడు, ఆ నొప్పి నాకు తెలుసు. మే నెల విశాఖ ఉక్కలో కూడా గాలి తగిలితే మంట పుడుతుందని ఫ్యాను ఆపేసి, జాకెట్టుకీ ఒంటికీ మధ్య మీ బావగారి పాత పంచె ముక్క పెట్టుకుని కూర్చునేదాన్ని. పొక్కులు లేచిన 72 గంటల్లోపు వైరస్ మందు వేసుకోవాల్సింది, జేగురు పూయించుకుంటూ ఆ మూడు రోజులూ పోగొట్టుకున్నాను.

ముందు ఆ నొప్పి మాత్ర, డైక్లోఫెనాక్, ఆపు. రోజుకి మూడేసి మింగుతున్నావని మరదలు చెప్పింది. దెబ్బకీ వాపుకీ అది పనిచేస్తుందిగానీ, పాడైన నరానికి పెద్దగా పనిచేయదు. పైగా షుగర్ ఉన్నవాడివి, కిడ్నీలు దెబ్బతింటాయి.

దీనికి మందులు వేరే ఉన్నాయి. గాబాపెంటిన్, ప్రిగాబాలిన్ మూర్ఛకి కూడా ఇచ్చేవి. అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్ డిప్రెషన్‌కి కూడా ఇచ్చేవి. మందుల షాపు అబ్బాయి "ఇది డిప్రెషన్ మాత్రండీ" అనేసరికి నాకు టెన్షన్ వచ్చి వారం రోజులు అట్ట కూడా చింపలేదు. నువ్వు ఆ తప్పు చేయకు. నరాల నొప్పికి డాక్టర్లు ముందుగా రాసేవే ఇవి.

నాకు రాత్రిపూట 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్‌తో మొదలుపెట్టారు. మొదటి వారం నోరెండిపోయేది, పొద్దున్న లేస్తే గోడ పట్టుకుని నడిచేదాన్ని, నొప్పి మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు. మానేద్దామనుకున్నాను. డాక్టరుగారు మోతాదు మెల్లగా పెంచారు. మూడో వారంలో ఓ రాత్రి నాలుగు గంటలు ఏకధాటిగా పడుకున్నాను రా! నొప్పి పూర్తిగా పోలేదు, సగానికి తగ్గింది. ఆ సగంతోనే మళ్ళీ వంట చేసుకున్నాను, బీచ్‌కి నడిచాను. తగ్గింది కదా అని నీ అంతట నువ్వు ఒక్కసారిగా మానకు, మెల్లగా తగ్గించాలి.

గుండె జబ్బు, ప్రోస్టేట్ సమస్య, కంట్లో నీటికాసులు (గ్లకోమా) ఉంటే అమిట్రిప్టిలిన్ పడకపోవచ్చు, డాక్టరుకి దాచకుండా చెప్పు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసే ప్రిగాబాలిన్ మోతాదు రాస్తారు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడుతున్నావు కదా, దానివల్ల బి12 విటమిన్ తగ్గొచ్చు, ఆ పరీక్ష కూడా అడుగు. పుండ్లు లేని చర్మం మీద చర్మాన్ని మొద్దుబార్చే లిడోకైన్ పట్టీ వేయొచ్చేమో కూడా కనుక్కో.

సోమవారం పొద్దున్నే కేజీహెచ్ న్యూరాలజీ ఓపీకి వెళ్దాం, నేనూ వస్తాను. షుగర్ రిపోర్టులూ, వాడిన మాత్రల అట్టలూ ఒక సంచిలో పెట్టి ఉంచమని మరదలికి చెప్పు.

నీ అక్క