చింతపల్లికి కాఫీ, చలి కాక వేరే చరిత్ర ఉందా?

లంబసింగి చలి, కాఫీ తోటలు కాక అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లికి తనదైన చరిత్ర, సంస్కృతి ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయి, పైగా కాఫీని ఆ చరిత్ర నుంచి విడదీసి చూడలేము. అక్కడ కొన్నేళ్ళు ఉపాధ్యాయుడిగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను.

మన్యంలో అడవి గురించిన తగవు పాతది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు సేద్యానికి, అంటే అడవిని నరికి కాల్చి చేసే సాగుకు, అడ్డుపడింది. దానికి తోడు, నర్సీపట్నం వైపు నుంచి కొండ మీదికి వేసిన రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. ఆ కడుపుమంటే గాం గంటం దొర, గాం మల్లు దొర వంటివారిని అల్లూరి సీతారామరాజు పక్షాన నిలిపింది. 1922 ఆగస్టు 22న వారు మొట్టమొదట దాడి చేసింది చింతపల్లి పోలీసు ఠాణా మీదనే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మరుసటి రోజు రాజవొమ్మంగి.

మన్యానికి కాఫీ బ్రిటిషు వారి కాలంలోనే వచ్చినా, గిరిజనుల సొంత పంట అయింది మాత్రం స్వాతంత్ర్యం వచ్చిన చాలా కాలానికి. అటవీ శాఖ వేసిన తోటల్లో వారు కూలీలు. ఆ తరువాత ఐ.టి.డి.ఎ. (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ), కాఫీ బోర్డు పోడుకు ప్రత్యామ్నాయంగా కాఫీని ప్రోత్సహించాయి. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం కాపు కాస్తున్నందువల్ల, కర్ణాటకలోని కొడగులో ఉన్నట్టు పెద్ద ప్రైవేటు ఎస్టేట్లు ఇక్కడ పెరగలేదు. ఎకరమో, రెండెకరాలో ఉన్న కుటుంబమే తోటకు యజమాని. అడవి కోసం పోరాడిన ఊళ్ళలో ఇది చిన్న విషయం కాదని నా గట్టి నమ్మకం.

నవంబరు దాటితే పని ఇల్లంతా పరుచుకుంటుంది. సిల్వర్ ఓక్ నీడన, ఆ మానులకే పాకించిన మిరియాల తీగల మధ్య, పండినవి పండినట్టు ఎర్రటి పళ్ళు ఏరి, ఆ రోజే పల్పరులో తిప్పి తోలు తీస్తారు. పులియబెట్టి కడిగిన గింజలను వాకిట్లో టార్పాలిన్ మీద ఆరబోసి, కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిరగేస్తుంటారు. పుల్లటి ఆ వాసన వీధంతా ఉంటుంది. అయితే నేను వెళ్ళిన ఇళ్ళలో అతిథికి పెట్టింది కాఫీ కాదు, చోడి (రాగి) అంబలి. సంస్కృతి కోసం వెతికేవారు కాఫీ కప్పులో కాక వారపు సంతలో వెతకాలి: పసుపు, పిప్పళ్ళు, రాజ్‌మా, కొండచీపుర్లు పరిచిన వరుసల్లో. చైత్రంలో వచ్చే ఇటుకల పండుగకు వేటకు వెళ్ళడం, గిరిజనుల బృంద నృత్యమైన థింసా ఆడడం ఇప్పటికీ ఉన్నాయి.

2019లో ఈ కొండల కాఫీకి భౌగోళిక గుర్తింపు ‘అరకు వ్యాలీ అరబికా’ పేరుతో వచ్చింది. చింతపల్లి పేరు పొట్లం మీద కనబడకపోవడం నాకు లోటుగానే అనిపిస్తుంది. మీరు వెళ్ళదలిస్తే డిసెంబరులో సంత రోజు చూసుకుని వెళ్ళండి. తోటలోకి అడుగుపెట్టే ముందు యజమానిని అడగడం మరవకండి.